వేలంలో పాడుకున్న నకిలీ చెంబు

మా ఇళ్ళలో కొనదలచుకున్న వస్తువును పైకి మెచ్చుకోకూడదు. మా నాన్నకు వినుకొండ బజారులో ఇత్తడి సామాను కొట్టు ఉండేది. పక్కనే ఉన్న బట్టల కొట్టు పెదనాన్నది, ఎదురుగా పచారీ కొట్టు మేనమామది. ఆ మూడు కొట్ల మెట్ల మీదే పెరిగాను. ఏడేళ్ళప్పుడు చెప్పుల దుకాణంలో ఒక జత చూసి "భలే ఉన్నయ్ నాన్నా" అన్నాను. మా నాన్న నన్ను రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, "ఏరా, నీ నోటి మూలాన ఆ జోడు ఇంకో ఐదు రూపాయలు ప్రియమైంది, తెలుసా?" అన్నాడు. ఆ తర్వాత నేను ఏ కొట్లోనూ 'బాగుంది' అన్న మాట అనలేదు. పెళ్ళిచూపుల్లో కూడా అనలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు ఒక వస్తువు గురించి నేను ఉన్నదున్నట్టు నిజం చెప్పాను. చెప్పినవాణ్ణి నేను కావడం వల్ల ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

గుంటూరులో నాకు స్టీలు సామాను కొట్టు ఉంది. బేరాలు లేని వేళ ఫోన్లో పాత వస్తువుల వేలాలు చూస్తూ కూర్చుంటాను. పాత తాళాలు, సిరా బుడ్లు, రేకు డబ్బాలు, తూకం రాళ్ళు, ఇవంటే నాకు పిచ్చి. ఒక్కో వేలం వారం రోజులు నడుస్తుంది. ఫొటోల కింద ఎవరైనా ఒక మాట రాయొచ్చు. నా పెంపకం అక్కడ పనికొచ్చింది. ఏదైనా నచ్చిందంటే దాని కింద ఒక ముక్క రాసేవాణ్ణి: "ఇది పాతది కాదండీ, మెరుగు చూడండి." "ఇలాంటివి మా బజారులో తూకానికి అమ్ముతారు." పాడేవాళ్ళు వెనక్కి తగ్గేవాళ్ళు. చివరి గంటలో మెల్లగా నేను పాడుకుని పట్టుకుపోయేవాణ్ణి. ఒకసారి అచ్చమైన పాత ఇనప్పెట్టె తాళాన్ని నకిలీదని నేనే రాసి, నేనే కొని, సంతోషం పట్టలేక మా పాత సామాను వాళ్ళ వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెట్టాను. ఎంత తెలివో చూడండి. కొనేదాకా మూసుకున్న నోరు కొన్నాక ఆగలేదు. అప్పటి నుంచి ఆ గ్రూపులో నన్ను 'తాళం గారు' అంటారు. నేను దేన్నయినా చెడ్డదంటే అది మంచిదని అక్కడ అందరికీ అర్థమైపోయింది.

అవి మిరపకాయల రోజులు. యార్డుకు పోయే లారీలు మా వీధి చివర ఆగిపోతే కొట్లలో కూర్చున్నవాళ్ళందరం వరసగా తుమ్ముతాం. పొద్దున్నే అలా తుమ్ముతూ షట్టరు ఎత్తుతుంటే చీరాల నుంచి మా బావ ఫోన్ చేశాడు. బావంటే మా ఆవిడకు అన్నయ్య. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు.

"బావా, ఒకటి పంపాను. చూశావా?"

"ఇప్పుడే తలుపు తీస్తున్నా. ఏంటది?"

"ముందు కూర్చో. నిలబడి చూస్తే పడిపోతావ్."

కూర్చునే చూశాను. వేలానికి పెట్టిన ఇత్తడి చెంబు. నల్లగా ఉంది, రెండు చోట్ల సొట్టలు. పొట్ట మీద పెద్ద తెలుగు అక్షరాలు: 'చీరాల పేరాల ఉద్యమ వీరునకు ప్రజల కానుక 1921'. కింద ఇంగ్లీషులో, ఇది స్వాతంత్ర్య పోరాట కాలం నాటి అరుదైన వస్తువనీ, మ్యూజియంలో ఉండాల్సినదనీ రాసి ఉంది. అమ్మేవాడి ఊరు మాత్రం రాయలేదు.

మా ఆవిడ తాత, అంటే బావ తాతే, పేరాలలో నూలు కొట్టు నడిపిన మనిషి. మునిసిపాలిటీ వద్దు, దాని పన్నూ వద్దని చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పాకల్లో నెలల తరబడి ఉన్నప్పుడు, ఆయన కూడా కొట్టుకు తాళం వేసి వాళ్ళతో వెళ్ళాడు. మా వంశంలో చావుకు కూడా కొట్టు పూర్తిగా మూసినవాళ్ళు లేరు, ఒక రెక్క తెరిచే ఉంచుతాం. అలాంటిది ఆయన నెలల తరబడి మూశాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆయనకు సంబంధించి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఫొటో లేదు, ఉత్తరం లేదు, చేతికర్ర లేదు. ఒక తుఫానులో పెంకుటింటితో పాటు అన్నీ పోయాయి.

"ఇది ఎవరికిచ్చారో రాయలేదు చూడు," అన్నాడు బావ. "మా తాతకే ఇచ్చి ఉండొచ్చు. కాకపోయినా ఆయనతో పాటు వెళ్ళినవాళ్ళలో ఎవరికో ఇచ్చిందేగా. ఎంతైనా సరే నేను పాడుతున్నా."

అప్పటికే నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాను. అక్షరాల దగ్గర ఆగాను.

మా నాన్న కొట్టు మెట్టు మీద పేర్లు కొట్టే ముసలాయన ఒకడు కూర్చునేవాడు. బిందె కొన్నా, పళ్ళెం కొన్నా దాని మీద పేరు కొట్టించుకుని గానీ ఇంటికి తీసుకుపోయేవాళ్ళు కాదు. ఆయన గోనెసంచి మడత మీద గిన్నెను ఆనించి, సన్న ఉలితో, గుప్పెడంత సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోయేవాడు. ఆ చప్పుడు వింటూ లెక్కలు చేసుకున్నవాణ్ణి నేను. కొన్నాళ్ళకు నేను కూడా నేర్చుకుని గరిటెల మీద కొట్టాను. అందుకని ఇత్తడి మీద అక్షరం చూస్తే అది చేత్తో కొట్టిందో, మిషనుతో గీసిందో నాకు వేలితో తడిమినట్టు తెలుస్తుంది.

ఈ చెంబు మీద 'చీరాల'లో ఒక 'రాల', 'పేరాల'లో ఒక 'రాల' ఉన్నాయి. రెండూ ఒకటే. పోలిక ఉండటం కాదు, వెంట్రుక వాసి తేడా లేకుండా ఒకటే. కంప్యూటరులో టైపు చేసిన అక్షరాలను మిషను గీసిందన్నమాట. మనిషి చెయ్యి ఒకే అక్షరాన్ని రెండుసార్లు అచ్చుగుద్దినట్టు కొట్టలేదు. మా ముసలాయన ఎంత పనిమంతుడైనా, వరసగా పది గ్లాసుల మీద ఒకే పేరు కొడితే పది రకాలుగా వచ్చేది.

ఇంకా ఉంది. చెంబును రోజూ చింతపండు, బూడిద పెట్టి తోముతారు. ఎక్కువ రుద్దుడు పడేది పొట్టకే. నూరేళ్ళ చెంబైతే పొట్ట మీది అక్షరాలు అరిగి, చేత్తో తడిమితే తప్ప తెలియకుండా పోవాలి. దీని మీద అవి నిన్న కొట్టినట్టున్నాయి. పైగా ఒక సొట్ట లోపల కూడా అక్షరం గీత నలగకుండా, వంకరపోకుండా సాగింది. అంటే సొట్ట ముందు, రాత తర్వాత. ఇక నలుపంటారా, వాడిన చెంబు అంతటా ఒకేలా నల్లబడదు. మెడ దగ్గర వేళ్ళు పడే చోట మెరుస్తూనే ఉంటుంది. ఇది అడుగు నుంచి అంచు దాకా ఒకటే నలుపు. పేడకుప్పలో నాలుగు వారాలు పూడ్చిపెడితే వచ్చే నలుపు అది. ఈ కిటుకు మా బజారులో ఎవరికి తెలీదు గనక.

అన్నిటికంటే పెద్ద సంగతి ఆ రాత. మనవాళ్ళు గిన్నె మీద పేరు కొట్టించింది గొప్పకు కాదు. పెళ్ళిళ్ళకూ సమారాధనలకూ ఒకళ్ళ గిన్నెలు ఒకళ్ళు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. వంటలయ్యాక ఏ బిందె ఎవరిదో తెలిసి తిరిగి ఇంటికి చేరాలి. అందుకే ఇంటిపేరులో మొదటి అక్షరం, మనిషి పేరు, ఎప్పుడన్నా ఊరు. అంతే. ఊరొదిలి పాకల్లో పడుకున్న జనం 'ఉద్యమ వీరునకు' అని ఎవరికి కొట్టిస్తారు? అందరూ పాకల్లోనే ఉన్నారాయె.

ఇవన్నీ బావకు ఒక్కొక్కటీ చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఏంటి?"

"నీ బేరం. చూడు బావా, మా చెల్లిని చూడటానికొచ్చినప్పుడు కూడా పిల్ల కొంచెం పొట్టి అన్నావ్. తర్వాత నెలరోజులు మా ఇంటి చుట్టూ తిరిగావ్. నీ సంగతి నాకు తెలీదా? చెంబు నీకు కావాలి. ఆ మాట తిన్నగా చెప్పు."

"నాకెందుకు బావా ఆ చెంబు? అది దొంగ చెంబంటన్నా!"

"అదిగో, అంత గట్టిగా అంటన్నావంటే నీకు బాగా కావాలి."

ఫోన్ పెట్టేశాడు. నేను షట్టరు సగం ఎత్తిన కొట్లో కూర్చుని తుమ్ముకుంటూ ఉండిపోయాను.

ఇక పదిమందికీ చెప్పడమే దారి అనుకున్నాను. వేలం పేజీ కింద రాశాను: "ఇది నకిలీ. అక్షరాలు మిషనుతో గీసినవి. రెండు 'రాల'లను పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరూ పాడకండి." అరగంటలో మా గ్రూపు నిద్ర లేచింది.

"తాళం గారు దిగారు."

"అయితే అసలుదే."

"గురువుగారూ, నకిలీ అన్నారు సరే. ఎంతదాకా పాడొచ్చో కూడా మీరే చెప్పండి."

ఒంగోలులో పాత సామాను అమ్మే ఆసామి అప్పటిదాకా ఊగిసలాడుతున్నాడట. "మీ అంతటోరు పనిగట్టుకుని తీసిపారేస్తున్నారంటే ఏదో ఉంటదండీ" అని రాసి, పాట ఒక మెట్టు పెంచాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఆ ఇద్దరినీ చూసి కంగారుపడి మా బావ. నేను సొట్ట సంగతి రాశాను, పాట పెరిగింది. పేడకుప్ప సంగతి రాశాను, ఇంకా పెరిగింది. నేనొక్కో తప్పు చూపించే కొద్దీ ధర ఒక్కో మెట్టు ఎక్కుతోంది. ఆ అమ్మేవాడెవడో గానీ నాకు నెలజీతం ఇచ్చినా ఇంత పని చేసిపెట్టేవాణ్ణి కాదు. వేలం నడిపేవాళ్ళకు ఫిర్యాదు పంపితే మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని జవాబు వచ్చింది. చదివిన మనిషి ఎవరూ లేరని ఆ జవాబు చూస్తేనే తెలుస్తోంది.

మూడో రోజు నాకు ఇంకో తెలివి పుట్టింది. నేను తిడితే కొంటున్నారు కదా, పొగిడితే మానేస్తారు. కూర్చుని రాశాను: "అద్భుతమైన వస్తువు. నూటికి నూరుపాళ్ళు అసలైనది. ఎంత పెట్టినా తక్కువే." పొగడ్త రాసే అలవాటు లేక ఆ మూడు ముక్కలకూ పావుగంట పట్టింది. ఒంగోలు ఆసామి వెంటనే అనుమానపడి ఆగిపోయాడు. మిగతావాళ్ళు కూడా ఆగారు. గెలిచాననుకున్నాను.

అంతలో బావ ఫోను. గొంతులో పండగ.

"ఇప్పటికి ఒప్పుకున్నావన్నమాట! నాకు తెలుసు బావా. నిజం ఎప్పటికైనా బయటికొస్తుంది."

ప్రపంచంలో నా పొగడ్తను నమ్మింది ఆ ఒక్కడే.

మర్నాడు కొట్టు మా తమ్ముడికి అప్పగించి బస్సెక్కి చీరాల వెళ్ళాను. బావ ముందుగదిలో గోడకు కొత్తగా అద్దాల అర బిగించి ఉంది. లోపల ఎర్ర మఖమలు గుడ్డ పరిచి, ఖాళీగా. అది చూడగానే బస్సులో కూర్చుకున్న మాటల్లో సగం మర్చిపోయాను. పైకి చూస్తే శ్లాబుకు తడి మరకలు. వానాకాలం లోపు పైన సిమెంటు వేయించాలని ఆయన డబ్బు దాచిన సంగతి నాకు తెలుసు.

"శ్లాబు డబ్బేగా బావా?"

"శ్లాబు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు. కారితే బకెట్లు పెడతాం. చెంబు మళ్ళీ వస్తుందా?"

"రాకపోతే మంచిదే."

ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పాడు. ప్రతి పంద్రాగస్టుకూ తను పనిచేసిన స్కూల్లో జెండా ఎగరేశాక తాత గురించి మాట్లాడతాడు. కిందటిసారి మాట్లాడుతుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "మీ తాతగారు నిజంగా వెళ్ళారనడానికి ఆధారం ఏంటి సార్?" అని అడిగింది.

"కోపమొచ్చిందా?"

"ఎట్లా వస్తుంది? ముప్ఫై ఏళ్ళు నేను చెప్పిన పాఠమే అది. ఆధారం లేకుండా ఏదీ నమ్మొద్దని చెప్పింది నేనే. ఏదో ఒకటి చెప్పాలిగా. మా నాయనమ్మ చెప్పింది అన్నాను. పిల్లలు నవ్వారు. ఈసారి ఆధారం పట్టుకొస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చాను."

"అందుకని దొంగ ఆధారం పట్టుకెళ్తావా?"

అనకుండా ఉండాల్సింది. మాట నోట్లోంచి వచ్చాక చూశాను, ఆయన మొహం మాడిపోయింది.

"నీకు అన్నీ సరుకే బావా," అన్నాడు లేచి. "ఏ వస్తువు కనబడ్డా ఎక్కడ సొట్టుందో చూస్తావ్. వెళ్ళేముందు భోంచేసి వెళ్ళు."

భోంచేశాను. బావ భార్య దోసకాయ పప్పు వడ్డిస్తూ ఎవరి మొహమూ చూడలేదు.

వేలం ముగిసేది శనివారం మధ్యాహ్నం. ఒంగోలు ఆసామి మళ్ళీ రంగంలోకి దిగాడు. అతను పెంచుతాడు, బావ పెంచుతాడు. కొట్లో స్టీలు డబ్బాల మధ్య కూర్చుని ఇద్దర్నీ చూస్తున్నాను. బావ పాట శ్లాబు డబ్బుకు దగ్గరగా వచ్చింది. అది దాటితే అప్పు చేస్తాడు, ఆ మనిషి నాకు తెలుసు. ఒక్కటే దారి కనబడింది. నేను పాడాను. బావ పాడాడు. నేను మళ్ళీ పాడాను. ఒంగోలు ఆసామి తప్పుకున్నాడు. బావ ఇంకోసారి పాడాడు. అప్పుడు నేను ఒక్కసారిగా ఎగరేసి పాడాను, ఆయన గుండె జారేలా. గడువు అయిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక నేను ఏ వస్తువునూ అడిగిన ధరకు కొనలేదు. ఆ రోజు ఒక నకిలీ చెంబును, నకిలీ అని తెలిసి, నేనే ధర పెంచి పెంచి కొన్నాను. మా నాన్న ఉంటే రెక్క పట్టుకుని ఏకంగా ఊరవతలికి లాక్కుపోయేవాడు.

గ్రూపులో అభినందనలు. "గురువుగారు గురువుగారే." "మొదట తిట్టి, మధ్యలో పొగిడి, చివర్లో కొట్టారు. ఈ ఎత్తు మాకు తట్టలేదు." ఒంగోలు ఆసామి విడిగా ఫోన్ చేసి, "అమ్మేటప్పుడు మాత్రం మమ్మల్ని మర్చిపోవద్దండీ" అన్నాడు. అది నకిలీ అని అతనికి మళ్ళీ చెప్పాను. అతను చాలాసేపు నవ్వి, "మీతో పెట్టుకోలేం" అని ఫోన్ పెట్టేశాడు.

బావ ఫోన్ చేయలేదు. మా ఆవిడ మాత్రం ఇంట్లోనే ఉంది గదా.

"మా అన్నయ్య నోటి దగ్గర కూడు లాక్కున్నారు."

"కూడు కాదే, గడ్డి. మీ అన్నయ్య గడ్డి తినకూడదని నేను తిన్నా."

"ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలి?"

"చెప్పా! ఎన్నిసార్లు చెప్పా!"

"మీరు చెబితే చెప్పినట్టా?"



చెంబు పార్శిలులో వచ్చింది. విప్పగానే పేడ వాసన. తడిమితే అక్షరాల అంచులు వేలికి గుచ్చుకున్నాయి. లోపల అడుగున ఎక్కడా అరుగుదల లేదు, ఒక్కనాడన్నా దాంతో నీళ్ళు ముంచినట్టు లేదు. తిప్పి పంపుదామని రాస్తే, వేలంలో కొన్నవి వెనక్కి తీసుకోం అన్నారు. అయినా తప్పెవరిది? నకిలీ అని నేనే వాళ్ళ పేజీ మీద మూడుసార్లు రాసి మరీ కొన్నాను.

నెల తిరక్కుండానే అదే చోట ఇంకో చెంబు అమ్మకానికి వచ్చింది. అవే అక్షరాలు, అదే రాత, అదే 1921. సొట్టలు మాత్రం వేరే వైపు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఆధారం ఏముంటుంది? వెంటనే రెండు చెంబుల ఫొటోలనూ పక్కపక్కన పెట్టి బావకు పంపాను. 'ఇప్పుడేమంటావ్?' అని రాశాను. నెల రోజులుగా మాట్లాడని మనిషి పది నిమిషాల్లో జవాబిచ్చాడు.

'అది నకిలీది. నీ దగ్గరున్న అసలుదాన్ని చూసి చేశారు. చెంబు జాగ్రత్త. చింతపండుతో తోమనివ్వకు.'

ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కొట్టు గుమాస్తా వింటున్నాడని కూడా చూడకుండా పైకే తిట్టుకున్నాను.

ఆదివారం పొద్దున బావ మా ఇంటికొచ్చాడు. చేతిలో గుడ్డసంచి. చెల్లెలి యోగక్షేమాలు అడిగాడు, మంచినీళ్ళు తాగాడు, సంచిలోంచి కాగితంలో చుట్టిన డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు ఎంతకు పాడావో అంతా ఉంది. ఇంకో రెండు వేలు పైన వేశాను. నీకూ లాభముండాలిగా."

"బావా, అది నేను అమ్మను."

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "చూశావా అమ్మాయ్? అసలుది కాబట్టే అమ్మనంటన్నాడు."

"అమ్మనన్నది నకిలీ కాబట్టి! నీకు నకిలీ వస్తువు అమ్మి డబ్బు తీసుకుంటానా?"

"ఇంకో రెండు వేలు?"

తిడితే బేరం అన్నాడు. పొగిడితే ఒప్పుకున్నావన్నాడు. కొంటే దక్కించుకున్నావన్నాడు. అమ్మనంటే విలువ పెరిగిందంటున్నాడు. ఈ మనిషికి అర్థమయ్యే భాషలో ఏం చెప్పాలో తెలియక నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. విసురుగా లోపలికి వెళ్ళి చెంబు తెచ్చి, ఆయన డబ్బు పక్కన పెట్టాను.

"తీసుకెళ్ళు."

"ఎంతకు?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. ఒక్క పైసా వద్దు. ఆ డబ్బు జేబులో పెట్టుకో, చెంబు సంచిలో పెట్టుకో."

బావ చెంబు వైపు చేయి చాచి, మధ్యలోనే ఆగాడు. నా మొహంలోకి చూశాడు. ఇరవై ఏడేళ్ళ బంధుత్వంలో ఆయన నన్ను అట్లా చూడటం అదే మొదలు.

"నువ్వా?" అన్నాడు. "ఊరికే ఇస్తావా నువ్వు?"

చెంబును ఆయన వైపు ఇంకాస్త జరిపాను.

ఆయన మెల్లగా కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. నా భూతద్దం బల్ల మీదే ఉంది, అడక్కుండానే అందుకున్నాడు. చెంబును కిటికీ వైపు తిప్పాడు. మొదటి 'రాల' చూశాడు, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది. సొట్ట దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి బొటనవేలు గోరుతో అక్షరం అంచు గీకాడు. గోటికింద నల్లపొడి చేరింది, గీకిన చోట పచ్చగా కొత్త ఇత్తడి బయటపడింది. భూతద్దం కింద పెట్టేశాడు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"మొదటిరోజే చెప్పావు," అన్నాడు.

"చెప్పాను బావా."

"నువ్వు చెప్పావు కాబట్టే నమ్మలేదు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. నా మాట ఒప్పుకున్నాడు. కానీ ఆయన చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఒళ్ళో పడి ఉంటే చూడలేకపోయాను. "పోనీ బావా, ఇంకెక్కడన్నా వెదుకుదాం. పేరాలలో పాతవాళ్ళ ఇళ్ళలో అడుగుదాం. నేను వస్తా" అన్నాను.

"అడిగాను. రిటైరైన దగ్గర్నుంచీ అదే పని. ఎవరింట్లోనూ ఏమీ లేదు." డబ్బు కాగితం తీసుకుని లోపలి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్ల ఈసారి తొమ్మిదో తరగతికొస్తుంది. ముందు వరసలోనే కూర్చుంటుంది. ఏం చెప్పను?"

"ఆధారం ఏమీ దొరకలేదని చెప్పు."

"అది నువ్వు చెప్పడానికి బాగానే ఉంటుంది."

లేచాడు. మా ఆవిడ టిఫిన్ చేసి వెళ్ళమంది. బస్సు టైమైందన్నాడు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. చెంబు బల్ల మీదే ఉండిపోయింది. ఊరికే ఇస్తే కూడా వద్దనుకున్నాడు.

గేటు దగ్గర నిలబడి చూశాను. బేరం కుదరక వెళ్ళిపోయేవాడు నెమ్మదిగా నడుస్తాడు, వెనక నుంచి ఎవరో ఒకరు పిలుస్తారని. మా బావ గబగబా నడిచి సందు మలుపు తిరిగిపోయాడు.